స్టర్జన్ ఎంత పెరుగుతుంది, ఎక్కడ పెరుగుతుంది

స్టర్జన్ చల్లటి నదుల చేప. ఓల్గా, డాన్యూబ్ వంటి ఐరోపా నదులు, కాస్పియన్ సముద్రం, సైబీరియా, చైనా, ఉత్తర అమెరికా దీని నివాసాలు. భారతదేశపు నదుల్లో సహజంగా ఎక్కడా లేదు. మామూలు పొలుసులకు బదులు ఒంటి పొడవునా ఐదు వరసల ఎముక పలకలు, సొరచేపను తలపించే తోక, ముందుకు సాగిన ముక్కు, దాని అడుగున జెల్లకు ఉన్నట్టు నాలుగు మీసాలు, పళ్లు లేని గొట్టంలాంటి నోరు దీని ఆనవాళ్లు. అస్థిపంజరంలో ఎక్కువ భాగం మృదులాస్థే. డైనోసార్ల కాలం నుంచి ఈ ఆకారం పెద్దగా మారలేదు. నీటి అడుగున తొందర లేకుండా, ఆగకుండా తిరిగే ఈ చేపకున్న హుందాతనం చాలా తక్కువ పెంపుడు చేపల్లో కనిపిస్తుంది. అందుకే వీడియోల్లో చూసినవాళ్లకు దీన్ని పెంచుకోవాలని అనిపించడం సహజం. ఆ కోరిక తీరేదా కాదా అన్నది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి, పెద్దయ్యాక చేప పొడవు. రెండు, అది బతికే నీటి చల్లదనం.

స్టర్జన్లలో పాతిక దాకా జాతులున్నాయి. వాటి పరిమాణాల్లో ఉన్న తేడా చాలా ఎక్కువ. అన్నింటికన్నా పెద్దది బెలూగా. 1827లో ఓల్గా ముఖద్వారం దగ్గర పట్టిన ఒక ఆడ బెలూగా 7.2 మీటర్ల పొడవు, 1,571 కిలోల బరువు ఉన్నట్టు రికార్డుల్లో ఉంది. ఉత్తర అమెరికాలోని తెల్ల స్టర్జన్ 6 మీటర్ల దాకా, 800 కిలోల దాకా పెరిగిన దాఖలాలున్నాయి. రష్యన్ స్టర్జన్ 2 మీటర్లు దాటుతుంది. సైబీరియన్ స్టర్జన్ 2 మీటర్ల దాకా వస్తుంది. పెరటి కొలనుల్లో పెంచేవాళ్లు ఎక్కువగా ఎంచుకునే స్టెర్లెట్ వీటన్నింటికన్నా చిన్నది. అదీ మీటరు దాకా పెరుగుతుంది, కొన్ని అంతకు మించుతాయి. మంచి నీటిలో 20 ఏళ్లకు పైగా బతుకుతుంది. పెద్ద జాతుల ఆయుష్షు వందేళ్ల దాకా పోతుంది. అంటే బెలూగా పిల్లను తెచ్చుకున్నవారు మనవళ్లకు అప్పగించాల్సిన చేపను తెచ్చుకున్నట్టే.

దుకాణంలో ఈ లెక్కలేవీ కనిపించవు. అక్కడ ఉండేది జానెడు పిల్ల. విదేశాల్లో స్టర్జన్ పిల్లల్ని 10 నుంచి 20 సెంటీమీటర్ల పొడవున్నప్పుడు అమ్ముతారు. పైగా అన్ని జాతుల పిల్లలూ ఆ వయసులో ఇంచుమించు ఒకేలా ఉంటాయి. స్టెర్లెట్ అని తెచ్చుకున్నది సైబీరియనో, రెండింటి సంకరమో కావచ్చు. అందుకే అనుభవం ఉన్న పెంపకందార్లు మార్కెట్ పేరును నమ్మరు. శాస్త్రీయ నామం అడిగి, అది బిల్లు మీద రాయించుకుంటారు. ఏ పెద్ద చేప విషయంలోనైనా పనికొచ్చే అలవాటు ఇది.

పొడవు పెరిగిన తీరులో బరువు పెరగదన్నది కొత్తవాళ్లు తరచూ మరిచిపోయే సంగతి. 15 సెంటీమీటర్ల స్టెర్లెట్ పిల్ల 90 సెంటీమీటర్లకు చేరితే పొడవు 6 రెట్లయింది. వెడల్పూ మందమూ కూడా అదే తీరున పెరుగుతాయి కాబట్టి బరువు 6×6×6, అంటే 216 రెట్లవుతుంది. 15 గ్రాముల పిల్ల 3 కిలోలు దాటుతుంది. తినే మేత, విసర్జించే మలం, పీల్చే ఆక్సిజన్ 216 రెట్లు కాకపోయినా పదుల రెట్లు పెరుగుతాయి. మొదటి ఏడాది తేటగా ఉన్న తొట్టి మూడో ఏడాదికి కంపు కొట్టడానికి కారణం ఇదే. అక్కడ యజమాని శ్రద్ధ తగ్గిందనుకోనక్కర్లేదు, చేప బరువు పెరిగిందంతే.

‘చేప తొట్టిని బట్టి పెరుగుతుంది, చిన్న తొట్టిలో పెడితే చిన్నగానే ఉంటుంది’ అన్న మాట చిత్తూరు నుంచి చెన్నై దాకా ఏ అక్వేరియం దుకాణంలోనైనా వినబడుతుంది. ఈ నమ్మకం వల్ల చచ్చిన చేపలకు లెక్కలేదు. ఇరుకు నీటిలో అమ్మోనియా, నైట్రేట్ పేరుకుని మేత ఒంటబట్టక పెరుగుదల కుంటుపడుతుందన్నది నిజమే. దాన్ని తొట్టికి సర్దుకోవడం అనలేం. వెన్ను వంకర పోతుంది, రెక్కలు కుళ్లుతాయి, ఇరవై ఏళ్లు బతకాల్సిన ప్రాణి రెండు మూడేళ్లలో పోతుంది. స్టర్జన్‌కు ఇంకో చిక్కుంది. అది పగలూ రాత్రీ ఈదుతూనే ఉంటుంది, వెనక్కి ఈదడం దానికి దాదాపు చేతకాదు. ఇరుకు మూలలోకి వెళ్లినా, నాచు తీగల్లో ముక్కు ఇరుక్కున్నా బయటపడలేక ఊపిరాడక చనిపోతుంది. గుండ్రటి మూలలు, నాచు లేని శుభ్రమైన అడుగు, రాళ్లూ కుండీలూ అడ్డుపెట్టని ఖాళీ దీనికి తప్పనిసరి.

కొలను కొలతను పెద్ద చేపను బట్టే వేయాలి. వెడల్పు చేప పొడవుకు కనీసం రెండింతలు, పొడవు నాలుగైదింతలు ఉంటేనే అది మలుపు తిరిగి హాయిగా ఈదగలదు. 90 సెంటీమీటర్ల, అంటే 3 అడుగుల స్టెర్లెట్‌కు ఈ లెక్కన 15 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు కావాలి. లోతు 4 అడుగులు వేసుకుంటే 360 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున 10,000 లీటర్ల పైమాటే. మిద్దె మీద పెట్టే 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు పది. 2 మీటర్ల సైబీరియన్ స్టర్జన్‌కు 4 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు, మీటరున్నర లోతు వేస్తే 60,000 లీటర్లవుతుంది. ఇళ్లలో ఎక్కువగా కనిపించే 4 అడుగుల గాజు తొట్టిలో, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు అనుకుంటే, పట్టేవి 255 లీటర్లే. స్టర్జన్ పిల్లను అందులో ఉంచగలిగేది కొన్ని నెలలు.

స్థలం ఉన్నవాళ్లకు ఇంతవరకూ ఇబ్బంది లేదు. చిత్తూరు జిల్లా పూతలపట్టు మండలంలోని మామిడి తోటల్లో ఇంతకన్నా పెద్ద పంటకుంటలే ఉంటాయి. ఈ ప్రాంతంలో స్టర్జన్ పెంపకానికి అడ్డుపడేది వేడి. స్టర్జన్‌కు 12 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ మధ్య నీరు అనుకూలం. 25 దాటితే మేత మానేసి నీరసిస్తుంది. ఆపైన రోగాలు, మరణం. చిత్తూరు జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఎండ 40 డిగ్రీలకు చేరుతుంది. బోరు నుంచి అప్పుడే వచ్చిన నీరే స్టర్జన్‌కు వెచ్చన. ఎండ తగిలే సిమెంటు తొట్టి సంగతి చెప్పనక్కర్లేదు.

వేడి చేసే హాని రెండు వైపుల నుంచి వస్తుంది. నీరు వెచ్చబడేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 15 డిగ్రీల వద్ద లీటరు నీటిలో 10 మిల్లీగ్రాముల దాకా పట్టే ఆక్సిజన్ 30 డిగ్రీల వద్ద 7.6కు, 35 వద్ద 7 లోపుకు పడిపోతుంది. అదీ నీటిని బాగా చిలికితేనే. అదే సమయంలో వేడికి చేప శరీరం వేగంగా పనిచేసి మరింత ఆక్సిజన్ అడుగుతుంది. స్టర్జన్‌కు లీటరుకు 6 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉండాలి. పచ్చగా పాచి పట్టిన కుంటలో రాత్రంతా ఆ పాచి కూడా ఆక్సిజన్ పీలుస్తుంది. తెల్లవారుజామున చెరువు చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరవడం ఈ ప్రాంతంలో చేపలు పెంచే రైతులందరూ చూసినదే. ఆ కొరతను కాసేపు ఓర్చుకోగల కొరమీను, మార్పు చేపలకు గాలి పీల్చే ఏర్పాటుంది. వెచ్చటి నీటిలో స్టర్జన్‌కు అలాంటి ఆసరా ఏదీ లేదు.

చిల్లర్ పెట్టి నీటిని చల్లబరచవచ్చు కదా అన్న ప్రశ్నకు లెక్కే జవాబు. 10,000 లీటర్ల నీటిని 30 నుంచి 20 డిగ్రీలకు దించాలంటే దానిలోంచి 116 కిలోవాట్ అవర్ల వేడిని బయటికి తోయాలి. మంచి యంత్రం యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల వేడిని తోస్తుందనుకున్నా, ఒక్కసారి చల్లబరచడానికే సుమారు 40 యూనిట్లు. ఆ తర్వాత గోడల నుంచి, గాలి నుంచి, ఎండ నుంచి వచ్చి చేరే వేడిని రోజూ తోస్తూనే ఉండాలి. దీనికి 24 గంటల కరెంటు కావాలి. తోటలోని వ్యవసాయ కనెక్షనుకు వచ్చేది 9 గంటలు. వేసవి రాత్రి గాలివానకు స్తంభం కూలి ఆరేడు గంటలు సరఫరా ఆగిపోతే, అప్పటిదాకా పెట్టిన ఖర్చంతా ఒక్క పూటలో పోతుంది. దీనికి తోడు వారానికి పదో వంతు నీరు మార్చినా 1,000 లీటర్లు. బోర్లు ఎండి ఊళ్లు ట్యాంకర్ల మీద బతికే ఏడాదుల్లో ఇంటి మనుషుల నీళ్లను పెంపుడు చేపకు మళ్లించడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు. దక్షిణాదిలో చల్లటి నీటి చేపలకు తగిన చోటు కావాలంటే, ట్రౌట్ పిల్లల్ని ఉత్పత్తి చేసే నీలగిరుల అవలాంచి లాంటి కొండ ప్రాంతాలకే వెళ్లాలి.

మేత కూడా ప్రత్యేకమే. స్టర్జన్ కంటిచూపు మందం. మీసాలతో అడుగును తడుముతూ పురుగుల్నీ నత్తల్నీ గొట్టం నోటితో పీల్చుకుంటుంది. కోయి అనే రంగుల కార్ప్ చేపలకు వేసే, నీటిపైన తేలే గుళికలు దీనికి అందవు. మాంసకృత్తులు ఎక్కువగా ఉండి అడుగుకు మునిగే గుళికలే వేయాలి. కోయి చేపలతో కలిపి పెంచితే అవి చురుగ్గా తినేసి స్టర్జన్‌ను పస్తు పెడతాయి. అలాంటి కొలనుల్లో కోయిలు నిద్రపోయే వేళ, రాత్రిపూట మేత వేస్తారు.

చట్టం సంగతి వేడి కన్నా తక్కువదేమీ కాదు. కేవియర్ పేరుతో ప్రపంచం ఎగబడి కొనే గుడ్ల కోసం స్టర్జన్లను విపరీతంగా వేటాడారు. నదులకు అడ్డంగా కట్టిన ఆనకట్టలు అవి గుడ్లు పెట్టే చోట్లకు దారి మూసేశాయి. ఆడ బెలూగా మొదటిసారి గుడ్లు పెట్టడానికి పదిహేనేళ్లు అటూ ఇటూ పడుతుంది కాబట్టి పోయిన సంతతి త్వరగా తిరిగి రాదు. 1998 నుంచి స్టర్జన్ జాతులన్నీ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి. 2022లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ప్రకటించిన మదింపులో మిగిలిన స్టర్జన్ జాతులన్నీ ముప్పులో ఉన్నట్టు తేలింది. వాటి దగ్గరి బంధువైన చైనా పాడిల్‌ఫిష్ అంతరించిపోయినట్టు అదే మదింపు నిర్ధారించింది. అదే ఏడాది భారత పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి సైటిస్ జాతులను నాలుగో షెడ్యూలులో చేర్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం అలాంటి జీవాలను ఇంట్లో ఉంచుకున్నవారు కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో వివరాలిచ్చి నమోదు చేయించుకోవాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. విదేశం నుంచి తెప్పించాలంటే సైటిస్ అనుమతి, దిగుమతి అనుమతి వేరుగా ఉండాలి. కాగితాలు లేకుండా ఎవరైనా స్టర్జన్ పిల్లను అమ్మజూపితే, అది దొంగదారిన వచ్చిందని భావించి కొనకపోవడం మంచిది.

చల్లటి దేశాల్లో స్థిరపడిన తెలుగువారి పరిస్థితి వేరు. పెరటిలో లోతైన కొలను తవ్వుకోగల చోట, స్థానిక చట్టం ఒప్పుకుంటే, స్టెర్లెట్ ఒక్కటే ఇంటి పెంపకానికి ఆలోచించదగ్గ జాతి. మిగతావాటిని చూసి సంతోషించడమే మేలు. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రంలో, కొలంబియా నది ఒడ్డున బానవిల్ చేపపిల్లల కేంద్రంలో ‘హెర్మన్’ అనే తెల్ల స్టర్జన్ ఉంది. పొడవు 10 అడుగుల పైన, బరువు 500 పౌండ్లకు దగ్గర, వయసు ఎనభై దాటింది. గాజు గోడకు అవతల అది కదిలి వెళ్తుంటే పిల్లలు మాత్రమే కాదు, పెద్దలూ మాట మరిచిపోతారు. పోర్ట్‌లాండ్, హిల్స్‌బరో ప్రాంతాల్లో ఉద్యోగాలు చేసే తెలుగు కుటుంబాలకు అది గంటకు అటూ ఇటూ కారు ప్రయాణం. స్టర్జన్ పిల్లను కొనాలనుకునేవారు ముందు హెర్మన్‌ను చూసిరావడం కన్నా మంచి సన్నాహం ఇంకొకటి లేదు.

స్టర్జన్ కథ దూరదేశానిదే అయినా, ఎంత పెరుగుతుందో చూడకుండా పిల్లను కొనే తప్పు పూతలపట్టు చుట్టుపక్కల ఇళ్లలో వేరే చేపల విషయంలో జరుగుతోంది. చెన్నైలోని కొళత్తూరు దేశంలోనే పేరున్న అలంకార చేపల సంత. చిత్తూరు, తిరుపతి పట్టణాలకు అది కొన్ని గంటల దూరం. అలాంటి సంతల్లో వెండి రంగులో మెరిసే వేలెడంత చేపను ‘షార్క్’ అని అమ్ముతారు. అది సొరచేప కాదు, మెకాంగ్ నది నుంచి వచ్చిన పంగాస్. కోస్తా జిల్లాల చెరువుల్లో మాంసం కోసం పెంచేదీ ఇదే. గరిష్ఠంగా 130 సెంటీమీటర్లు, 44 కిలోల దాకా పెరుగుతుంది. పిరానాలా కనిపించే ఎర్రపొట్ట పిల్ల చాలాసార్లు రూప్‌చందే. అది 25 కిలోల దాకా పెరిగిన దాఖలా ఉంది. సిల్వర్ అరోవానా మూడడుగులకు చేరుతుంది, ఆస్కార్ అడుగు దాటుతుంది. గాజు గిన్నెలో పిల్లలకు బహుమతిగా ఇచ్చే గోల్డ్‌ఫిష్ కూడా సరైన చోట అడుగు దాకా పెరిగి పదేళ్లకు పైగా బతికే చేప. గిన్నెలో అది నెలల్లో పోవడం మామూలైపోయింది కాబట్టి దాని ఆయుష్షే అంతేమోనని జనం అనుకుంటారు.

తొట్టి పట్టనంత పెరిగిన చేపను యజమానులు సాధారణంగా దగ్గర్లోని చెరువులో వదిలేస్తారు. జాలితో చేసే ఈ పని వల్ల కలిగే నష్టం చాలా పెద్దది. చిత్తూరు జిల్లా చెరువులు విడివిడి గుంటలు కావు. ఒకటి నిండి మరవ పారితే ఆ నీరు వంకల గుండా కింది చెరువుకు చేరుతుంది. చిత్తూరు మీదుగా పారే నీవా నది తమిళనాడులో పొన్నై పేరుతో పాలారులో కలుస్తుంది. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు గండి పడే పరిస్థితి వచ్చి ఊళ్లను ఖాళీ చేయించారు. అలాంటి వరదలో చేప ఎక్కడిదాకా పోతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు.

ఇలా వదిలిన చేపలు చేసే నష్టానికి కళ్లెదుట కనిపించే సాక్ష్యం సక్కర్ చేప. అక్వేరియం గాజుకు పట్టిన పాచి తింటుందని దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన దీన్ని చెరువుల రైతులు దెయ్యపు చేప అంటున్నారు. గట్టి పలకల ఒళ్లు, ముళ్ల రెక్కలు వలల్ని చింపుతాయి. దీని మాంసానికి ఇక్కడ కొనేవారు లేరు. గట్ల మట్టిలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలో మిగిలే డీఎన్‌ఏ ఆనవాళ్లను పరీక్షించి, తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో సగానికి పైగా చోట్ల ఇది పాకినట్టు గుర్తించారు. మొసలి మూతి లాంటి దవడలుండి 3 మీటర్ల దాకా పెరిగే ఆలిగేటర్ గార్ 2023లో శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో దొరికింది. ఉత్తర అమెరికా చేప కాశ్మీరు సరస్సుకు తనంతట తాను చేరే దారి లేదు.

పెద్ద చేపల మీద మక్కువ ఉన్నవారికి ఈ ప్రాంతపు నీరే మంచి అవకాశాలు ఇస్తుంది. 10,000 లీటర్ల సిమెంటు కొలనులో, పైన పచ్చటి నీడవల కట్టి, గాలి పంపు, ఫిల్టరు పెట్టుకుంటే నాలుగైదు కోయి చేపలు దశాబ్దాల పాటు పెరుగుతాయి. అవి రెండడుగులు దాటి, మనిషి అలికిడికి ఒడ్డుకు వచ్చి చేతిలోంచి మేత తినేంత మచ్చిక అవుతాయి. పంటకుంటలో ఏడాది పొడవునా నీరు నిలిచే తోటల్లో రోహు, బొచ్చె సరైనవి. వేడికి అలవాటుపడ్డ ఈ దేశపు చేపలే కాబట్టి వాటికి చిల్లరూ అక్కర్లేదు, సైటిస్ కాగితాలూ అక్కర్లేదు. బొచ్చె సైజులో స్టెర్లెట్‌కు ఏమాత్రం తీసిపోదు. నదుల్లో 38 కిలోల దాకా తూగినవి ఉన్నాయి. వేటాడే చేప కావాలనుకునేవారు కొరమీనును ఒంటరిగా పెంచుకోవచ్చు. అది గాలి పీల్చి బతకగలదు కానీ ఎగిరి తొట్టి బయట పడుతుంది కాబట్టి పైన వల తప్పనిసరి. గాజు తొట్టికి మించిన చోటు లేని ఇళ్లలో పరిగెల గుంపును పెంచితే, కదలని ఒక్క పెద్ద చేప కన్నా అందంగా ఉంటుంది.

ఇప్పటికే ఇంట్లో తొట్టికి మించి పెరిగిన చేప ఉంటే మొదట చేయాల్సింది మేత తగ్గించి, నీటిని తరచూ మార్చి దాన్ని బతికించుకోవడం. తర్వాత కొన్న దుకాణాన్ని అడగాలి. పెద్ద కొలను ఉన్న పెంపకందారుకు ఇవ్వవచ్చు. ఎవరూ దొరక్కపోతే జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్ని సంప్రదించాలి. షెడ్యూలులో ఉన్న జాతి అయితే అటవీ శాఖకు తెలపాలి. ఇవన్నీ కుదరడానికి కొన్ని వారాలు పట్టినా సరే, పరాయి చేపను చెరువులో గానీ బావిలో గానీ గుడి కోనేటిలో గానీ దయచేసి ఎవరూ వదలవద్దు.